ఫ్రీ రూఫ్ ఖరీదు

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ప్రాస్పర్ లాంటి ఊళ్లలో వడగళ్ల వాన వెలిసిన మర్నాటికల్లా వీధి మొదట్లో పికప్ ట్రక్కులు వచ్చి ఆగుతాయి. కంపెనీ పేరున్న టీషర్టు, చేతిలో టాబ్లెట్, నోట్లో తయారుగా నాలుగు మాటలు. పక్క వీధిలో ఇప్పటికే మూడిళ్లకు రూఫ్ మారుస్తున్నాం, మీ ఇంటిమీద కూడా దెబ్బలు కనిపిస్తున్నాయి, పైకెక్కి చూడటానికి పైసా అక్కర్లేదు, మిగతాదంతా ఇన్సూరెన్స్ చూసుకుంటుంది. పగటిపూట తలుపు తీసేది ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అత్తగారో మామగారో అయితే, ఆ టాబ్లెట్ మీద వేలితో ఒక సంతకం గీయించుకోవడం పెద్ద పనేం కాదు.

తలుపు తట్టిన ఈ మనిషి మోసగాడా, మామూలు వ్యాపారస్థుడా? మామూలుగా వినిపించే జాగ్రత్తలు చాలావరకు వేషభాషల మీదే ఉంటాయి. వేరే రాష్ట్రం నంబర్ ప్లేటు ఉందా, తొందరపెడుతున్నాడా, నగదు అడుగుతున్నాడా అని. అవి పనికొచ్చేవే కానీ చాలవు. అడ్వాన్సు తీసుకుని మాయమయ్యేవాడు ఈ కథలో చిన్న దొంగ, వాడిని గుర్తుపట్టడం కూడా తేలిక. చిక్కంతా నిజంగానే రూఫ్ వేసి వెళ్లేవాడితో. కొత్త షింగిల్స్ వస్తాయి, ఇంటాయన జేబులోంచి ఏమీ పోదు, సంతోషించి పక్కింటివాళ్లకి నంబరు కూడా ఇస్తాడు. అందులో మోసం ఉందో లేదో తెలియాలంటే మనిషి వాలకం వదిలేసి రెండు సంగతులు అడగాలి. దెబ్బ తగిలిందని తేల్చింది ఎవరు? డిడక్టబుల్, అంటే క్లెయిమ్‌లో ఇంటాయన పెట్టుకోవాల్సిన వాటా, కట్టింది ఎవరు?

మనవాళ్లకి ఈ వ్యవహారం కొత్తగా తోచడానికి కారణం ఉంది. మన ఊళ్లలో ఇంటికప్పు అంటే సిమెంటు స్లాబు. కారితే వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తాం, కప్పునే పీకి మార్చాలన్న ఊహ రాదు. ఇంటికి ఇన్సూరెన్స్ కూడా బ్యాంకు లోనుతో పాటు అంటగడితే తప్ప కట్టేవాళ్లు తక్కువ. టెక్సాస్ ఇల్లు వేరు. చెక్క పలకలు, వాటిమీద తారు పట్టించిన షింగిల్స్, పైన ఇసుకలాంటి రాతి పలుకులు. ఎండ నుంచి తారును కాపాడేవి ఆ పలుకులే. అవి రాలిపోతే షింగిల్ ఆయుష్షు తగ్గుతుంది. వడగల్లు అంగుళం సైజు దాటితే షింగిల్‌కి దెబ్బ మొదలవుతుందని ఒక లెక్క. తుఫానును తీవ్రమైనదిగా పరిగణించడానికి అమెరికా వాతావరణ శాఖ 2010 నుంచి పెట్టుకున్న గీత కూడా అంగుళమే. 2016 ఏప్రిల్ 11న ప్లేనో పక్కన వైలీలో సాఫ్ట్‌బాల్ అంతేసి వడగళ్లు పడి కప్పుల్ని చీల్చుకుని ఇళ్లలోకి దిగాయి. మర్నాడు శాన్ ఆంటోనియో మీద కురిసినది టెక్సాస్ చూసిన అత్యంత ఖరీదైన వడగళ్ల వానల్లో ఒకటి. అంటే అవసరం నిజమైనదే, రూఫర్లు కావాలి, చాలామంది నిజాయితీగానే పనిచేస్తారు. మోసం ఆ నిజమైన నష్టాన్ని అడ్డుపెట్టుకునే బతుకుతుంది.

డబ్బు ఏ దారిలో కదులుతుందో తెలియకపోతే తక్కిందేదీ అర్థం కాదు. లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. పాలసీలో ఇంటి విలువ 5 లక్షల డాలర్లు. టెక్సాస్‌లో గాలికీ వడగళ్లకీ విడిగా డిడక్టబుల్ ఉంటుంది, అది మామూలుగా ఇంటి విలువలో 1 శాతమో 2 శాతమో. 1 శాతం అంటే 5,000 డాలర్లు. రూఫ్ మార్చడానికి 20,000 అవుతుందని అడ్జస్టర్, అంటే నష్టం అంచనా కట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన మనిషి, తేల్చాడు. పాత రూఫ్ కాబట్టి అరుగుదల కింద 8,000 పక్కన పెట్టాడు. ఆ 8,000, డిడక్టబుల్ 5,000 తీసేయగా మొదటి చెక్కు 7,000 వస్తుంది. ఇంటి మీద లోను ఉంటే ఆ చెక్కు మీద బ్యాంకు పేరు కూడా ఉంటుంది. పని పూర్తయి బిల్లు పంపాక పక్కన పెట్టిన 8,000 వస్తుంది. మొత్తం కంపెనీ ఇచ్చేది 15,000. మిగిలిన 5,000 ఇంటాయన పెట్టుకోవాలి.

ఇప్పుడు 'మీరు ఏమీ కట్టక్కర్లేదు' అన్న మాట తీసుకోండి. అలా అన్నవాడు 15,000కే పని చేస్తున్నాడు. కంపెనీకి 20,000 అని బిల్లు పంపితే అది అబద్ధపు బిల్లు. ఉన్నదున్నట్టు 15,000 అని పంపితే కంపెనీ ఇచ్చేది 10,000కి తగ్గిపోవాలి. లెక్క ఎటు తిప్పినా ఆ 5,000 ఎక్కడో ఒకచోట సర్దాలి. షింగిల్స్ కింద పరిచే నాసిరకం అండర్‌లేమెంట్‌లో సర్దుతారు, మార్చామని రాసి మార్చకుండా వదిలేసిన అతుకుల రేకుల్లో (ఫ్లాషింగ్) సర్దుతారు, నానిపోయినా కప్పేసిన చెక్క డెక్కింగ్‌లో సర్దుతారు. లేదా తర్వాత పంపే సప్లిమెంట్ బిల్లులో లేని దెబ్బలు కలుపుతారు. ఇంటాయనకి ఇదేమీ కనిపించదు. ఆయనకి కనిపించేది మిగిలిన 5,000 మాత్రమే, ఆ మిగులు కోసమే ఆయన ఎదురు ప్రశ్న వేయడు. అడ్వాన్సు ఎగ్గొట్టేవాడి చేతిలో మనం బాధితులం, డిడక్టబుల్ మాఫీ చేసేవాడి దగ్గర మనం భాగస్థులం. నా మట్టుకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తెలివైన ఎత్తు ఇదే.

టెక్సాస్ శాసనసభ దీన్ని గుర్తించడానికి చాలాకాలం పట్టింది. మాఫీ ఎప్పుడూ తప్పే అయినా పాత చట్టం అస్పష్టంగా ఉండేది. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమలైన హౌస్ బిల్ 2102 దాన్ని విప్పి చెప్పింది. పాలసీదారు డిడక్టబుల్ కట్టి తీరాలి. కాంట్రాక్టర్ దాన్ని మాఫీ చేసినా, తానే భరించినా, ఏదో పేరుతో వెనక్కిచ్చినా నేరం. 2,000 డాలర్ల వరకు జరిమానా, 180 రోజుల వరకు జైలు పడొచ్చు. చివరి చెక్కు ఇచ్చేముందు డిడక్టబుల్ కట్టిన రుజువు చూపించమని కంపెనీ అడగొచ్చు. ఇన్సూరెన్స్ డబ్బుతో జరిగే వెయ్యి డాలర్లు, ఆపైన అయ్యే పనులకి కాంట్రాక్టులోనే ఈ సంగతి లావాటి అక్షరాల్లో ఉండాలి. అందుకే గుమ్మం దగ్గరి భాష మారింది. మాఫీ అనరు. ముందు గడ్డిలో మా బోర్డు పాతుకోనిస్తే ప్రకటన ఖర్చు కింద ఇంత ఇస్తాం అంటారు, నలుగురు చుట్టాలకి చెబితే రెఫరల్ బోనస్ అంటారు. బోర్డు పాతినందుకు 5,000 డాలర్లు ఇచ్చేటంత ఖరీదైన గడ్డి ఫ్రిస్కోలో కూడా లేదు.

ఇక మిగిలిన ప్రశ్న, దెబ్బ తేల్చేది ఎవరన్నది. ఇక్కడ ముందు కాగితం సంగతి చూడాలి. 'పైకెక్కడానికి అనుమతి మాత్రమే' అని సంతకం పెట్టించుకునే కాగితం చాలాసార్లు కంటింజెన్సీ అగ్రిమెంట్. ఇన్సూరెన్స్ ఒప్పుకుంటే పని మాకే ఇవ్వాలి, ఇవ్వకపోతే క్లెయిమ్‌లో ఇంత శాతం మాకు కట్టాలి అని అందులో ఉంటుంది. ధర రాసి ఉండదు, 'ఇన్సూరెన్స్ ఎంత ఇస్తే అంత' అని ఉంటుంది. ధర లేని కాంట్రాక్టు మీద సంతకం పెట్టే మనుషులం మనం కాదు. కూరగాయల బండి దగ్గర కూడా ముందు రేటు అడుగుతాం. డబ్బు మనది కాదనుకున్నచోట మాత్రం ఆ అలవాటు మర్చిపోతాం.

తర్వాత 'మీ తరఫున మేమే కంపెనీతో మాట్లాడి క్లెయిమ్ పాస్ చేయిస్తాం' అంటారు. టెక్సాస్‌లో ఆ పని చేయాలంటే పబ్లిక్ అడ్జస్టర్ లైసెన్స్ ఉండాలి. వాళ్ల ఫీజు క్లెయిమ్ మొత్తంలో 10 శాతం దాటకూడదు. ముఖ్యంగా, ఒకే ఇంటికి ఒకే మనిషి కాంట్రాక్టరూ పబ్లిక్ అడ్జస్టరూ కాకూడదు. నష్టం ఎంతో చెప్పేవాడే ఆ నష్టాన్ని బాగుచేసి డబ్బు తీసుకునేవాడైతే నష్టం ఎప్పటికీ తగ్గదు. ఈ నిషేధం మా వాక్ స్వేచ్ఛకి అడ్డమని స్టోన్‌వాటర్ రూఫింగ్ అనే కంపెనీ కోర్టుకెక్కింది. 2024 జూన్ 7న టెక్సాస్ సుప్రీం కోర్టు ఆ వాదన తోసిపుచ్చి చట్టాన్ని నిలబెట్టింది. అలాగని రూఫర్ నోరు మెదపకూడదని కాదు. అడ్జస్టర్ వచ్చిన రోజు తానూ పైకెక్కి దెబ్బలు చూపించవచ్చు, తన ఎస్టిమేటు గురించి మాట్లాడవచ్చు. పాలసీ దేనికి వర్తిస్తుందో, ఎంత ఇవ్వాలో మన తరఫున బేరమాడకూడదు.

దెబ్బలు తయారు చేయడమూ ఉంది. సుత్తి గుండ్రటి వైపుతో కొట్టడం, మేజోడులో గోల్ఫ్ బంతి వేసి బాదడం, నాణెంతో పలుకులు గీకడం, గాలికి లేచినట్టు కనిపించేలా షింగిల్ అంచును చేత్తో మడిచి విరవడం లాంటి పద్ధతులు అడ్జస్టర్లకి పాఠాల్లాంటివి. అందుకే మొదటి పరీక్షకి అపరిచితుడిని ఒంటరిగా పైకి పంపకూడదు. పైకెక్కకుండానే చూసుకోదగ్గవి చాలా ఉన్నాయి. నిజంగా పెద్ద వడగళ్లు పడితే షింగిల్స్ ఒక్కటే దెబ్బతినవు. ఏసీ బయటి యూనిట్ రేకులు వంగుతాయి, గట్టర్లు, రూఫ్ మీది లోహపు వెంట్లు సొట్టపోతాయి, కిటికీ తెరలు చిరుగుతాయి, మెయిల్ బాక్సు మీద గుర్తులుంటాయి. పక్కనున్న రేకు నున్నగా ఉండి షింగిల్ మీద మాత్రం గుంటలు కనిపిస్తే అనుమానించాలి. వడగళ్లు వరస తప్పి పడతాయి, గాలి వచ్చిన వైపు వాలు మీద ఎక్కువ, అవతలి వైపు తక్కువ. అన్ని వాలుల మీదా లెక్కపెట్టినట్టు సమానంగా ఉన్న గుంటలు మనిషి చేతి పని. ఇంకో చిన్న కిటుకు తేదీది. గాలి, వడగళ్ల నష్టానికి ఏడాదిలోపు క్లెయిమ్ వేయాలని టెక్సాస్ పాలసీల్లో షరతు పెట్టవచ్చు. కాబట్టి 'ఈ వారం దాటితే పోతుంది' అన్న తొందర చాలాసార్లు అబద్ధం. అదే షరతు వల్ల పాత దెబ్బను కొత్త వాన మీదికి నెట్టే రూఫర్లూ ఉంటారు. క్లెయిమ్‌లో ఏ తేదీ వేశారో చూసుకోవాలి.

సంతకం పెట్టిన కాగితం ఎంత దూరం పోగలదో తెలియాలంటే ఫ్లోరిడా చూడాలి. అక్కడ ఇంటాయన తన క్లెయిమ్ హక్కునే కాంట్రాక్టర్‌కి రాసిచ్చేసే పద్ధతి నడిచింది, దాన్ని అసైన్‌మెంట్ ఆఫ్ బెనిఫిట్స్ అనేవారు. రాసిచ్చాక కంపెనీతో మాట్లాడేది, బిల్లు వేసేది, కోర్టుకెళ్లేది అంతా కాంట్రాక్టరే. దీనికి 19వ శతాబ్దం నుంచి ఉన్న ఒక నియమం తోడైంది. కంపెనీ ఓడిపోతే అవతలివాళ్ల లాయర్ ఫీజు కూడా కంపెనీయే కట్టాలి, గెలిస్తే మాత్రం దానికేమీ రాదు. సామాన్యుడి కోసం పుట్టిన నియమం కాంట్రాక్టర్ చేతికి, లాయర్ చేతికి వెళ్లింది. 2019లో దేశం మొత్తం మీద ఇంటి ఇన్సూరెన్స్ క్లెయిముల్లో ఫ్లోరిడా వాటా దాదాపు 8 శాతమైతే, కోర్టు కేసుల్లో వాటా 76 శాతమని ఆ రాష్ట్ర ఇన్సూరెన్స్ నియంత్రణ కార్యాలయం లెక్క చెప్పింది. 2022లో అరడజను ఇన్సూరెన్స్ కంపెనీలు దివాలా తీశాయి. ఆ డిసెంబర్లో చట్టం మార్చి, 2023 జనవరి 1 నుంచి ఇచ్చే ఇంటి పాలసీల్లో ఈ రాసిచ్చే పద్ధతిని నిషేధించారు, ఆ ఏకపక్షపు ఫీజు నియమాన్నీ తీసేశారు. అంతకుముందు 2021లో రూఫర్ల ప్రకటనలకే కళ్లెం వేయబోతే ఫెడరల్ కోర్టు ఆపేసింది. వ్యాపారి మాట ఎక్కడ ముగుస్తుంది, వల ఎక్కడ మొదలవుతుంది అన్నది కోర్టులకి కూడా తేలిగ్గా తెగలేదు.

లూసియానాలో ఇంకో రకం. 2020, 21 హరికేన్ల తర్వాత హ్యూస్టన్‌కి చెందిన మెక్లెన్నీ మోస్లీ అనే లా ఫర్మ్ అక్కడి ఫెడరల్ కోర్టులో కొద్ది రోజుల్లోనే 1,600కి పైగా దావాలు కుప్పగా వేసింది. 2022 అక్టోబర్లో జడ్జి వాటన్నిటినీ నిలిపేశాడు. రూఫింగ్ కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందం మీద నిలబడి, ఇంటివాళ్ల తరఫు లాయర్లమని ఇన్సూరెన్స్ కంపెనీలకి చెప్పుకున్నారని ఆ రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ తేల్చింది. రూఫ్ సంతకం అనుకుని పెట్టింది ఎక్కడికి పోయి తేలిందో చూడండి.

ఇంతవరకు చదివితే ఇన్సూరెన్స్ కంపెనీలు పాపం అనిపిస్తుంది. అంత జాలి అక్కర్లేదు. క్లెయిమ్ చూడటానికి వచ్చే అడ్జస్టర్ కంపెనీ మనిషి లేదా కంపెనీ డబ్బిచ్చి పంపిన మనిషి. నష్టాన్ని తక్కువ చేసి రాయడం, మొత్తం పాడైనచోట నాలుగు షింగిల్స్ అతికిస్తే చాలనడం, రేకు సొట్టల్ని అందానికి సంబంధించినవని కొట్టేయడం ఉన్నవే. 2012లో టెక్సాస్‌లోని హిడాల్గో కౌంటీలో వడగళ్లు పడ్డాక దావాలు వెల్లువెత్తాయి. వాటిని ఆపడానికి 2017లో టెక్సాస్ తెచ్చిన చట్టం వల్ల కోర్టుకెళ్లేముందు 61 రోజుల నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. అది మోసపు దావాలతో పాటు నిజమైన వాటికీ అడ్డమేనని వాదించేవాళ్ల మాటలో బలం ఉంది. తలుపు తట్టేవాడికి ఆదరణ దొరికేది ఈ అపనమ్మకం వల్లే. కంపెనీ ఎలాగూ ఎగ్గొడుతుంది, మనం కాస్త లాగితే తప్పేంటి అనుకుంటారు. కానీ కంపెనీ తక్కువిస్తే చేయాల్సినవి వేరే ఉన్నాయి. మళ్లీ చూడమని రాతపూర్వకంగా అడగాలి, స్వతంత్ర పబ్లిక్ అడ్జస్టర్‌ని పెట్టుకోవాలి, టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కి ఫిర్యాదు చేయాలి. కావలసిన కాగితాలన్నీ అందాక 15 పనిదినాల్లో అవుననో కాదనో చెప్పాలని కంపెనీలకి మామూలు గడువు ఉంది.

మనవాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సాస్‌లో ఒక పెద్ద లోటు, రూఫర్‌కి రాష్ట్ర లైసెన్స్ లేకపోవడం. జుట్టు కత్తిరించడానికి లైసెన్స్ కావాలి, ఇంటికప్పు పీకడానికి అక్కర్లేదు. ఫ్లోరిడాలో లైసెన్స్ తప్పనిసరి, ఓక్లహోమాలో రిజిస్ట్రేషన్ ఉంది. టెక్సాస్‌లో రూఫర్ల సంఘం స్వచ్ఛందంగా ఇచ్చే లైసెన్స్ ఒకటుంది, అది ఉంటే మంచిదే. కాబట్టి 'మేం లైసెన్స్‌డ్' అని టెక్సాస్‌లో ఎవరైనా అంటే, ఎవరిచ్చిన లైసెన్స్ అని అడగడం సభ్యత తప్పినట్టు కాదు. రూఫర్ చూపించిన ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ కాగితాన్ని నమ్మకుండా, దాన్ని ఇచ్చిన ఏజెంటుకి ఫోన్ చేసి నిజమో కాదో తెలుసుకోవాలి. గవర్నర్ విపత్తుగా ప్రకటించిన ప్రాంతంలో, ఆ కౌంటీలో గానీ పక్క కౌంటీలో గానీ ఏడాదిగా ఆఫీసు లేని కాంట్రాక్టర్ పని మొదలుపెట్టకముందు అడ్వాన్సు అడగకూడదని కూడా చట్టం ఉంది.

తెలుగు ఇళ్ల సంగతి కొంత వేరు. ఇక్కడ తలుపు తట్టడం ఇప్పుడు వాట్సాప్‌లో జరుగుతోంది. అపార్ట్‌మెంట్ రోజుల గ్రూపులోనో, గుడి గ్రూపులోనో 'మనవాడే, మా రూఫ్ పైసా ఖర్చు లేకుండా చేశాడు' అని ఒక మెసేజ్ పడితే ఆ కమ్యూనిటీలో పదిళ్లు కదులుతాయి. మెచ్చుకోలుగా రాసిన ఆ వాక్యమే డిడక్టబుల్ ఎవరో మింగారన్నదానికి సాక్ష్యం, ఎవరూ అలా చదవరు. పైగా వేసిన క్లెయిమ్ ఊరికే పోదు. క్లూ రిపోర్టు అనే ఉమ్మడి చిట్టాలో ఏడేళ్ల వరకు ఉంటుంది, కంపెనీ మారాలనుకున్నప్పుడు కొత్త కంపెనీ దాన్ని చూస్తుంది. ఇక మోసం కేసులో శిక్ష పడితే వీసా మీద, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాళ్లకి అది జరిమానాతో తీరే వ్యవహారం కాదు.

సంతకం అయిపోయిందా? ఇంటి దగ్గర జరిగిన 25 డాలర్లు, ఆపైన అమ్మకాన్ని మూడో పనిదినం అర్ధరాత్రి వరకు రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ నిబంధన ఇస్తుంది. శనివారం పనిదినం కిందే లెక్క, ఆదివారాలూ ఫెడరల్ సెలవులూ కాదు. రద్దు ఫారం రెండు కాపీలు అమ్మినవాడే ఇవ్వాలి. ఇవ్వకపోతే మన ఉత్తరమే రాసి, చేరినట్టు రుజువు ఉండేలా పోస్టులో పంపడం మేలు. పని నడుస్తుంటే మొత్తం డబ్బు ముందే ఇవ్వకూడదు. చివరి చెల్లింపుకి ముందు సామాన్లు సరఫరా చేసినవాళ్లకీ కూలీలకీ డబ్బు ముట్టిందని లీన్ రిలీజ్ తీసుకోవాలి. లేకపోతే రూఫర్ ఎగ్గొట్టిన బాకీ మన ఇంటి మీద తాకట్టులాంటి లీన్‌గా వచ్చి కూర్చుంటుంది. క్లాస్ 4 షింగిల్స్ అని అదనంగా తీసుకుంటే కట్టల మీది అచ్చు చూసి ఫొటో తీసుకోవాలి. రెండంగుళాల ఉక్కు గుండును 20 అడుగుల ఎత్తు నుంచి వదిలినా చీలకపోతేనే ఆ పేరు ఇస్తారు, దానికి ప్రీమియంలో తగ్గింపూ ఉంటుంది.

  

ఇన్సూరెన్స్ కంపెనీలూ ఊరుకోలేదు. పాతబడ్డ రూఫ్‌కి అరుగుదల పోను మిగిలిన విలువే ఇస్తామనే షరతు చాలా పాలసీల్లోకి వచ్చేసింది. విమానాల నుంచి, డ్రోన్ల నుంచి తీసిన ఫొటోలు చూసి రూఫ్ బాగోలేదని రెన్యూవల్ నిరాకరించడం కూడా మొదలైంది. ఆ అరుగుదల షరతు ఉన్న ఇంట్లో పైన లెక్కలో పక్కన పెట్టిన 8,000 డాలర్లు ఇక ఎప్పటికీ రావు. ఇంటాయన వాటా 5,000 నుంచి 13,000కి పోతుంది. అంత మొత్తం బోర్డు పాతుకున్నామని చెప్పి ఎవరూ సర్దలేరు. అందుకే 'ఫ్రీ' అనేవాడి టాబ్లెట్‌లో ఇప్పుడు రెండో పేజీ ఉంటోంది, నెలకింత కడితే చాలంటూ ఫైనాన్సింగ్ కాగితం. ఆ కాగితాన్ని ముట్టుకోవడం 2019 నాటి డిడక్టబుల్ చట్టానికి చేతకాదు.